రోగి మంచం పైన ఉన్న కప్పు – వేసవికి ముందే తెల్లబరచండి



ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్లే రోజున మేము మీకు మందుల చీటీ ఇస్తాము. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో, కట్టు ఎప్పుడు మార్పించాలో, మళ్లీ ఏ రోజు రావాలో చెబుతాము. ఎండాకాలం దగ్గర పడుతుంటే ఇంకో ప్రశ్న కూడా అడుగుతాము: "ఇంట్లో రోగి మంచం ఎక్కడ వేస్తారు? ఆ మంచం పైన ఉన్నది ఏ కప్పు?" జబ్బుకూ ఇంటి కప్పుకూ ఏమిటి సంబంధం అని చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ సంబంధం ఏమిటో, దానికి మీరు తక్కువ ఖర్చుతో ఏమి చేయగలరో ఈ పాఠంలో తెలుసుకుందాం.

వడదెబ్బ అంటే ఎండలో తిరిగేవారికి, పొలంలో పనిచేసేవారికి తగిలేది అని మనం అనుకుంటాము. అది నిజమే గాని, సగం నిజం మాత్రమే. గడప దాటకుండా మంచం మీద పడుకున్న పెద్దవారికి, పక్కలో ఉన్న పసిబిడ్డకు కూడా వడదెబ్బ తగులుతుంది. వారి వద్దకు వేడి పైనుండి, కప్పు గుండా వస్తుంది. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేడిగాలులకు మూడు వేల మందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో దేశమంతటా రెండు వేలకు పైగా మరణాలు లెక్కకు రాగా, వాటిలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనే సంభవించాయి. కాబట్టి ఇది మనం తేలికగా తీసుకోదగిన విషయం కాదు.

1. వేడి ఇంట్లోకి ఎలా వస్తుంది?

వేసవి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. గోడల మీద ఎండ ఏటవాలుగా, కొద్దిసేపే పడుతుంది. కప్పు మీద మాత్రం ఉదయం నుండి సాయంత్రం దాకా నేరుగా పడుతుంది. నడి మధ్యాహ్నం ఒక చదరపు మీటరు కప్పు మీద పడే ఎండ బలం సుమారు 1000 వాట్లు. అంటే ఒక ఇస్త్రీ పెట్టె పుట్టించే వేడి అంత. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గది కప్పు సుమారు 9 చదరపు మీటర్లు ఉంటుంది. తొమ్మిది ఇస్త్రీ పెట్టెలు వేడి చేసి ఆ గది కప్పు మీద బోర్లించారని ఊహించుకోండి. దాని కింద మన రోగి పడుకుని ఉన్నారు.

పడిన ఎండలో ఎంత లోపలికి వస్తుంది అన్నది కప్పు రంగు మీద, అది దేనితో చేసినది అన్నదాని మీద ఆధారపడుతుంది. పాతబడి నల్లబడిన స్లాబు ఎండలో నాలుగో వంతో, మూడో వంతో మాత్రమే వెనక్కి పంపి, మిగతాది తాగేస్తుంది. మధ్యాహ్నం తాగిన ఆ వేడిని సాయంత్రం నుండి గదిలోకి కక్కుతుంది. అందుకే బయట గాలి కొంచెం చల్లబడినా, రాత్రి పదింటికి గదిలో ఫ్యాను వేస్తే సెగ కొడుతుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఎండ బాగా కాసిన రోజున రాత్రి ఏడు గంటలకు స్టూలు వేసుకుని, ఫ్యాను ఆపించి, స్లాబు అడుగున అరచేయి ఆనించండి. వెంటనే మీకే తెలుస్తుంది.

సిమెంటు రేకులు, ఇనుప రేకులు పలుచనివి. వేడిని దాచుకోవు గాని వెంటనే లోపలికి దింపుతాయి. మధ్యాహ్నం రేకుల ఇంట్లో నిలుచుంటే నెత్తి మీద నిప్పుల కుంపటి ఉన్నట్టు ఉంటుంది. కొత్త ఇనుప రేకు తళతళ మెరుస్తుంది కాబట్టి చల్లగా ఉంటుందని కొందరు అనుకుంటారు. అది కొంత ఎండను వెనక్కి పంపే మాట నిజమే. కాని లోహానికి ఒక గుణం ఉంది. తనలోకి చేరిన వేడిని ఆకాశంలోకి తేలికగా వదలదు. అందుకే మెరిసే రేకు కూడా ముట్టుకుంటే కాలుతుంది. తుప్పు పట్టిన తరువాత మరీ అధ్వాన్నం. తెల్ల సున్నం, తెల్ల రంగు రెండు పనులూ చేస్తాయి. ఎండను వెనక్కి పంపుతాయి, లోపలికి చేరిన కాస్త వేడిని కూడా త్వరగా బయటికి వదిలేస్తాయి.

మన పెద్దలు తాటాకు ఇళ్లలో, పెంకుటిళ్లలో, మట్టి మిద్దెలలో ఉన్నారు. ఆకుల మధ్య గాలి, మందమైన మట్టి వేడిని ఆపేవి. నిప్పు భయం, వాన కారడం, ఏటేటా మరమ్మతు తప్పించుకోవాలని మనం స్లాబుకు, రేకులకు మారాము. అది తప్పు కాదు. అయితే నీడ ఇచ్చే గుణాన్ని మనం మళ్లీ వేరే విధంగా తెచ్చుకోవాలి.

2. తెల్లబరిస్తే ఎంత మేలు?

కొత్తగా వేసిన మంచి తెల్ల పూత వంద పాళ్ల ఎండలో 70 నుండి 80 పాళ్లు వెనక్కి పంపుతుంది. అందువల్ల మధ్యాహ్నం నల్లని కప్పుకు, తెల్లని కప్పుకు పై వేడిలో 20 డిగ్రీలకు మించి తేడా రావచ్చు. గది లోపలి గాలిలో అంత తేడా రాదు. ఇంటిని బట్టి సుమారు 2 నుండి 5 డిగ్రీల వరకు తగ్గుతుంది. హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో 2017లో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద తెల్లని పొర పరచి చూశారు. అలాంటివే అయిన పక్క ఇళ్లతో పోలిస్తే లోపల సగటున 2 డిగ్రీలు తక్కువగా ఉంది.

"రెండు డిగ్రీలేనా?" అని తీసిపారేయకండి. థర్మామీటరులో రోగి వేడి 98 నుండి 102కు పెరిగితే మనం ఎంత కంగారు పడతాము! సెంటిగ్రేడు లెక్కలో అది రెండు డిగ్రీల పై చిల్లరే. గది 40 డిగ్రీలు ఉండడానికీ 37 ఉండడానికీ మధ్య ఒక ముసలి గుండె పడే శ్రమలో చాలా తేడా ఉంది. పైగా గాలి వేడి ఒక్కటే కాదు, కప్పు నుండి శరీరం మీదికి కొట్టే సెగ కూడా తగ్గుతుంది. రాత్రి నిద్ర పడుతుంది. పగలంతా వేడికి అలసిన శరీరం కోలుకునేది రాత్రిపూటనే.

అహ్మదాబాదు అనుభవం మనకు మంచి పాఠం. 2010 మే నెలలో ఆ నగరంలో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. ఆ ఒక్క నెలలో మామూలు కంటే 1344 మంది ఎక్కువగా చనిపోయారని తరువాత లెక్క తేలింది. అక్కడి ఒక ఆసుపత్రిలో పసిబిడ్డల చికిత్స గదికి ఆ నెలలో వేడి వల్ల జబ్బుపడిన శిశువులు వరుసగా వచ్చారు. డాక్టర్లు లెక్కలు తీస్తే, 42 డిగ్రీలు దాటాక ఒక్కొక్క డిగ్రీకి అలాంటి శిశువులు 43 శాతం పెరిగినట్టు కనబడింది. కాన్పుల వార్డు అప్పుడు పై అంతస్తులో, ఎండ కాచే కప్పు కింద ఉండేది. దానిని కింది అంతస్తుకు మార్చారు. ఆ మార్పు తరువాత అలాంటి కేసులు సగానికి పైగా తగ్గాయి. మందు మారలేదు, డాక్టరు మారలేదు. బిడ్డ నెత్తి మీద ఉన్న కప్పు మారింది. ఆ నగరం 2013లో వేసవి కార్యాచరణ ప్రణాళిక తయారుచేసుకుంది. తరువాత పేదల ఇళ్ల కప్పులకు తెల్ల సున్నం వేయించే పని కూడా చేపట్టింది.

కరెంటు ఖర్చు సంగతి కూడా చూద్దాం. హైదరాబాదులో ఏసీ ఉన్న ఆఫీసు భవనాల కప్పులను తెల్లబరచి పరిశోధకులు కొలిచారు. మామూలు సిమెంటు కప్పును తెల్లగా చేస్తే ఒక చదరపు మీటరు కప్పుకు ఏడాదికి 13–14 యూనిట్లు, నల్లటి కప్పునైతే 20–22 యూనిట్లు మిగిలాయి. మన ఇళ్లలో రోజంతా ఏసీ నడవదు కాబట్టి అంత మిగలదు. కాని పై అంతస్తులో ఒక్క ఏసీ ఉన్నా అది త్వరగా చల్లబరచి ఆగుతుంది, బిల్లు తగ్గుతుంది. ఏసీ లేని ఇంటికి ఇంకో మేలు ఉంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాను, కూలరు ఆగిపోతాయి. తెల్ల కప్పు మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించి, ప్రభుత్వ భవనాలకు, వ్యాపార భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు దీనిని తప్పనిసరి చేయడానికి పూనుకున్నది. చిన్న ఇంటివారిని ఎవరూ బలవంతపెట్టలేదు. అవసరం ఎక్కువగా ఉన్నది మాత్రం చిన్న ఇళ్లలోనే.

3. ఏ రోగి ఇంట్లో ఇది తప్పక చేయాలి?

గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవారు: వేసవిలో అందరూ చెప్పే మాట "నీళ్లు బాగా తాగండి" అని. కాని ఒళ్లు నీరు పట్టే ఈ రోగులకు డాక్టరుగారు రోజుకు ఇన్ని నీళ్లే అని కొలత పెడతారు. ఎక్కువ తాగితే ఆయాసం వస్తుంది. తాగకపోతే వేడికి తట్టుకోలేరు. ఇలా రెండు వైపులా చిక్కుకున్నవారికి గది చల్లగా ఉండడమే ప్రధానమైన రక్షణ. డాక్టరుగారు పెట్టిన నీటి కొలత వేసవిలో మార్చాలా అని మీరు తప్పక అడగండి. మీ అంతట మీరు మార్చవద్దు.

పక్షవాతంతో మంచం పట్టినవారు: దాహం వేసినా చెప్పలేరు, పక్కకు తిరగలేరు, దుప్పటి తీసుకోలేరు. వీపు చెమటకు నాని పుండ్లు పడతాయి.

అరవై దాటిన పెద్దవారు: వయసు పెరిగే కొద్దీ దాహం తెలియడం, చెమట పట్టడం రెండూ తగ్గుతాయి. "నాకేమీ వేడిగా లేదమ్మా" అని పెద్దాయన అన్నా, మీ చేత్తో ఒళ్లు తాకి చూడండి.

నీరు పోయే మాత్రలు, మానసిక వ్యాధి మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు వాడేవారు: ఈ మందులు శరీరం వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. మాత్రలు మీరే ఆపకండి. వేసవికి ముందు ఒకసారి డాక్టరుగారికి చూపించి సలహా తీసుకోండి.

షుగరు రోగులు: ఇన్సులిన్ వేడికి చెడిపోతుంది. వాడుతున్న సీసాను 30 డిగ్రీల లోపు ఉంచాలి. రేకుల ఇంట్లో అలమారలో పెడితే మందు బలం పోతుంది. అప్పుడు "ఇంజెక్షను చేస్తున్నా షుగరు తగ్గడం లేదు" అని మీరు మా దగ్గరకు వస్తారు. ఫ్రిజ్ లేనివారు కొత్త మట్టి కుండను తడి ఇసుకలో పెట్టి, సీసాను మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో వేసి ఆ కుండలో ఉంచండి.

బాలింత, పసిబిడ్డ: ఈ విషయం అమ్మమ్మలకు, నాయనమ్మలకు చేతులు జోడించి చెబుతున్నాను. గాలి తగలకూడదని తలుపులు, కిటికీలు మూసి, బాలింత చెవులలో దూది పెట్టి, బిడ్డను మూడు గుడ్డల్లో చుట్టి, తల్లికి నీళ్లు తక్కువ ఇవ్వడం మన ఇళ్లలో అలవాటు. చలికాలంలో బిడ్డకు వెచ్చదనం కావాలి, నిజమే. మే నెలలో స్లాబు కింద ఈ అలవాటు ప్రమాదం. బిడ్డ ఒళ్లు కాలిపోతుంది, పాలు తాగడం తగ్గుతుంది, మూత్రం తగ్గుతుంది. చుట్టిన గుడ్డలు విప్పి, కిటికీ తెరిచి, తల్లికి కావలసినన్ని నీళ్లు ఇచ్చి, బిడ్డకు మాటిమాటికి పాలు పట్టించండి. ఆరు నెలల వరకు బిడ్డకు తల్లి పాలే చాలు, విడిగా నీళ్లు అక్కరలేదు. ఒక హెచ్చరిక: రెండు నెలల లోపు బిడ్డకు ఒళ్లు కాలితే "ఎండ వేడిలే" అని ఇంట్లో ఉంచుకోకుండా ఆసుపత్రికి తీసుకురండి. అది వేడా, ఇన్ఫెక్షనా అని చూడవలసింది డాక్టరుగారు.

4. అన్ని ఊళ్లకు ఒకే లెక్క కాదు

తెలంగాణ, రాయలసీమ, పల్నాడు వంటి పొడి వేడి ప్రాంతాలు: రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం ఎండల గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ ఎండ తీవ్రం, ఆకాశం నిర్మలం. తెల్ల కప్పు వల్ల ఎక్కువ లాభం పొందేది ఇలాంటి ఊళ్లే. పగలు ఎండను తిప్పి పంపుతుంది, రాత్రి మిగిలిన వేడిని త్వరగా వదిలేస్తుంది. కిటికీకి తడి వట్టివేళ్ల తడక కట్టినా ఇక్కడ బాగా పనిచేస్తుంది.

కోస్తా తీరం: విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వైపు గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు. అందువల్ల ఉక్కపోత. తెల్ల కప్పు పైనుండి వచ్చే సెగను తగ్గిస్తుంది గాని తేమను తగ్గించలేదు. దానితో పాటు గాలి ఒక వైపు నుండి వచ్చి మరో వైపు పోయేలా ఎదురెదురు కిటికీలు తెరవాలి. ఇంకో సంగతి: తీరం వైపు వానలకు కప్పు మీద పాచి పట్టి నల్లబడుతుంది. నల్లబడిన పూత పూత కానట్టే. అందుకని వానలు వెనుకబట్టాక కడిగించుకోవాలి.

అరకు, పాడేరు, లంబసింగి వంటి కొండ ఊళ్లు: అక్కడ చలికాలంలో వణుకు. కప్పు మీద పడే ఎండ శీతకాలంలో మేలే చేస్తుంది. అక్కడి బంధువులు మీ మాట విని తొందరపడి తెల్లబరచనక్కరలేదు. రేకు కింద వెదురు తడక కట్టుకుంటే అటు చలికీ ఇటు ఎండకూ పనికివస్తుంది.

దూర దేశాలు: గ్రీసు దేశపు ద్వీపాలలో ఇళ్లన్నీ తెల్ల సున్నంతో మెరుస్తూ ఉంటాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2005 నుండి సమతలపు కప్పుగల వ్యాపార భవనాలకు ఇలాంటి కప్పుల నియమాలు పెట్టింది. న్యూయార్కు నగరం 2009లో కప్పులను తెల్లబరిచే కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడ మంచు కురిసే చలికాలం ఉంది గదా అని మీకు సందేహం రావచ్చు. చలికాలంలో పగలు చిన్నవి, ఎండ బలహీనం. అందుచేత తెల్ల కప్పు వల్ల పోయే వెచ్చదనం కొద్దిదే. అయితే ఏడాదిలో ఎక్కువ నెలలు హీటరు నడిచే కెనడా వంటి చోట్ల లాభం కంటే నష్టమే మిగలవచ్చు. అక్కడ కప్పు లోపల మందమైన పొర వేయడమే మంచిది. మన జిల్లాలలో హీటరు అవసరమే లేదు కాబట్టి ఆ చింత మనకు లేదు.

5. ఎలా వేయాలి?

క్రిస్మసుకు మనం గోడలకు సున్నం వేస్తాము. వచ్చిన చుట్టాలకు ఇల్లు కళగా కనబడాలని. కప్పుకు సున్నం వేయవలసిన సమయం వేరు. శ్రమదినాలు మొదలైనప్పటి నుండి ఈస్టరు లోపల, అంటే ఫిబ్రవరి–మార్చి నెలల్లో, వేయండి. ఎండలు ముదిరాక మేడ మీద పనిచేసేవారికి కూడా వడదెబ్బ భయం ఉంటుంది.

స్లాబు ఇంటికి:

మొదట చెత్త, మట్టి ఊడ్చి, పాచిని బ్రష్షుతో రుద్ది కడిగి, ఒకరోజు ఆరనివ్వండి. పగుళ్లు ఉంటే మేస్త్రీ చేత పూడ్పించండి. పగులు మీద సున్నం వేస్తే వాన కారడం ఆగదు.

సున్నపు రాయిని ముందు రోజే నీళ్లలో వేసి నానబెట్టండి. మరునాడు పలుచని గుడ్డలో వడకట్టి, పెయింటు దుకాణంలో సున్నంలో కలపడానికి ఇచ్చే జిగురు కలపండి. జిగురు కలిస్తే పూత చేతికి అంటకుండా, త్వరగా రాలకుండా నిలుస్తుంది.

ఉదయం పది గంటల లోపు, లేదా సాయంత్రం వేయండి. మొదటి పూత ఆరిన తరువాత అడ్డంగా రెండో పూత వేయండి. కింద సిమెంటు రంగు కనబడకూడదు.

సున్నం పూత ఒక వేసవికి వస్తుంది. వానలకు చాలా వరకు కొట్టుకుపోతుంది. ఏటా వేసుకోవాలి. స్తోమత ఉన్నవారు కప్పుల కోసమే తయారైన తెల్ల రంగు వేయించుకుంటే కొన్ని సంవత్సరాలు నిలుస్తుంది. ఇంటి లోపలి గోడలకు వేసే రంగు డబ్బాను కప్పుకు వాడకండి. మొదటి వానకే పొట్టులాగా లేస్తుంది. కొత్తగా ఇల్లు కట్టేవారు తెల్ల పింగాణీ పెంకులు పరిపిస్తే చాలా కాలం దిగులు ఉండదు.

సిమెంటు రేకుల ఇంటికి:

ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం. పాత సిమెంటు రేకు మనిషి బరువు ఆపదు. పైకి ఎక్కి, రేకు విరిగి కింద పడి, నడుము విరిగినవారు, తలకు దెబ్బ తగిలినవారు ప్రతి ఆసుపత్రికీ వస్తుంటారు. రేకు మీద అడుగు పెట్టవద్దు. నిచ్చెన మీద నిలబడి, పొడవైన కర్రకు కట్టిన రోలరుతో అందినంత వరకు వేయండి. ఈ రేకులలో ఆస్‌బెస్టాస్ అనే నార ఉంటుంది. దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. అందుకని రేకులను పొడిగా గీకడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం, రంధ్రాలు చేయడం వద్దు. నీళ్లు చల్లి మెల్లగా దుమ్ము పోనిచ్చి పూత వేయండి.

పూత వేయడం కుదరకపోతే పాదు పాకించండి. సొర, బీర, పొట్ల పాదు పందిరి మీదుగా కప్పు పైకి ఎక్కితే మంచి నీడ. యోనా ప్రవక్తకు ఎండ బాధ పోగొట్టడానికి దేవుడు ఏర్పరచినది కూడా సొరచెట్టే గదా! జనవరిలో విత్తనం పెడితే ఎండలు ముదిరేసరికి ఆకు అల్లుకుంటుంది. కూరకు కాయలూ వస్తాయి. లోపలి వైపు రేకుకు అడుగు దూరం కింద వెదురు తడక గాని, చాపలు గాని కట్టినా సెగ తగ్గుతుంది. బల్బుకు, పొయ్యికి, దీపానికి దూరంగా కట్టండి.

ఇనుప రేకులకు: తుప్పును తడిపి గీకి, తుప్పు పట్టకుండా వేసే పూత ముందు వేసి, దాని మీద తెల్ల రంగు వేయించండి. ఉత్త సున్నం ఇనుము మీద నిలవదు.

6. పని చేసేటప్పుడు జాగ్రత్తలు

సున్నం మనకు అలవాటైన వస్తువే గాని కంటికి శత్రువు. సున్నపు రాయి నీళ్లలో పడగానే కుతకుత ఉడుకుతుంది, పైకి చిమ్ముతుంది. రాయి మీద నీళ్లు పోయకండి. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, రాళ్లు కొద్దికొద్దిగా వేయండి. పలుచని ప్లాస్టిక్ బకెట్టు వేడికి కరుగుతుంది. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. తెల్ల కప్పు మీద ఎండ తిరగకొట్టి కళ్లు జిగేల్‌మంటాయి, అందుకు కూడా అద్దాలు అవసరం.

కంటిలో సున్నం పడితే ఒక్క క్షణం ఆలస్యం చేయకండి. కన్ను నలపవద్దు. పాలు, నెయ్యి, ఆముదం వేయవద్దు. రెప్పలు తెరిచి పట్టి, మంచి నీళ్లు ధారగా అరగంట సేపు పోస్తూ ఉండండి. సున్నం ముక్కలు కనబడితే తడి గుడ్డ కొసతో తీయండి. తరువాత నేరుగా కంటి డాక్టరు వద్దకు తీసుకువెళ్లండి. ముందు కడగకుండా ఆటో కోసం వెదుకుతూ పోగొట్టుకున్న నిమిషాలు చూపునే పోగొట్టగలవు.

పిట్టగోడ లేని మేడ మీద అంచుల దగ్గర వెనక్కి నడుస్తూ పూత వేయవద్దు. కరెంటు తీగలు దగ్గరగా ఉంటే ఇనుప నిచ్చెన వాడవద్దు. కప్పు నీటిని తొట్టిలో పట్టుకునేవారు పూత తరువాత మొదటి వాననీటిని వదిలేయండి.

7. తెల్ల కప్పు చేయలేని పని

ఇది సహాయమే గాని సంపూర్ణ రక్షణ కాదు. బయట 45 డిగ్రీలు ఉన్నరోజు తెల్ల కప్పు కింద కూడా గది వేడిగానే ఉంటుంది. కాబట్టి మంచాన్ని కింది అంతస్తుకు గాని, ఉత్తరపు గదికి గాని మార్చండి. పగలు ఎండ వైపు కిటికీలకు తెర వేసి, రాత్రి అన్నీ తెరవండి. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని చల్లబరచకపోగా ఇంకా వేడెక్కిస్తుంది. అప్పుడు తడి గుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండాలి.

ఈ గుర్తులు కనబడితే ఇంట్లో ప్రయత్నాలు చాలు, వెంటనే 108కి ఫోను చేయండి:

– మాట తడబడడం, మనుషులను గుర్తుపట్టకపోవడం, పిచ్చిగా మాట్లాడడం
– ఒళ్లు నిప్పులా కాలడం (చెమట ఉన్నా, లేకపోయినా)
– ఫిట్స్, స్పృహ తప్పడం
– పసిబిడ్డ పాలు తాగకుండా వేలాడిపోవడం

బండి వచ్చేలోగా నీడకు మార్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. చంకలలో, మెడ పక్కన, గజ్జలలో చల్లని తడి గుడ్డలు పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. జ్వరం మాత్ర వడదెబ్బను తగ్గించదు.

8. మీరు అడిగే కొన్ని ప్రశ్నలు

అద్దె ఇల్లు అమ్మా, మేమేమి చేయగలం? – ఇంటివారిని అడగండి. కప్పు చల్లబడితే స్లాబు ఎండకు సాగి, రాత్రికి ముడుచుకోవడం తగ్గుతుంది, పగుళ్లు తగ్గుతాయి. ఇల్లు వారిది కాబట్టి లాభం వారికీ ఉంది. ఈ మాట చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

ఇల్లంతా వేసే స్తోమత లేదు. – రోగి పడుకునే గది పైన, దాని చుట్టూ రెండు మూడు అడుగుల వరకు మాత్రం వేయండి. మొదట అది చాలు.

రోజూ సాయంత్రం మేడ మీద నీళ్లు చల్లితే సరిపోదా? – కొంత చల్లబడుతుంది. కాని వేసవిలో తాగే నీళ్లకే కరువు. నీళ్లు నిలిస్తే స్లాబులోకి ఇంకుతాయి, దోమలు గుడ్లు పెడతాయి. డెంగీ దోమకు నిలవ ఉన్న కొద్దిపాటి మంచి నీళ్లే చాలు.

మేడ మీద మిరపకాయలు, వడియాలు ఎండబెట్టుకుంటాము. – పట్టా పరుచుకుని పెట్టుకోండి, సాయంత్రం పట్టా తీసేయండి. పూత మీద చెప్పులతో నడవకండి, దుమ్ము పడితే నెలకొకసారి ఊడ్వండి.

గుర్తుంచుకోండి

1. రోగి మంచం ఏ కప్పు కింద ఉందో చూడండి.
2. మార్చి లోపల కప్పును కడిగి, రెండు పూతలు తెల్లగా వేయండి.
3. సిమెంటు రేకుల మీద ఎక్కవద్దు, పొడిగా గీకవద్దు.
4. కంటిలో సున్నం పడితే ముందు నీళ్లు, తరువాత డాక్టరు.
5. నీటి కొలత, మాత్రల సంగతి డాక్టరుగారిని అడగండి.
6. మాట తడబడితే 108.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం చదవండి. కొత్త ఇల్లు కట్టినవాడు తన మేడకు పిట్టగోడ కట్టాలని, ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటి మీద ఉంటుందని దేవుడు తన ప్రజలకు ఆజ్ఞ ఇచ్చాడు. ఇంటి కప్పు వల్ల ఎవరికీ ప్రాణహాని కలగకుండా చూడడం ఇంటివారి బాధ్యత అని అక్కడ మనకు అర్థమవుతుంది. మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న ముసలమ్మ ఎవరైనా ఉంటే, మీ ఇంటికి కలిపిన సున్నంలో రెండు బకెట్లు ఆమె కప్పుకు కూడా వేయించండి. సంఘంలోని యౌవనస్థులు ఒక శనివారం ఉదయం పూనుకుంటే నాలుగు ఇళ్లు పూర్తవుతాయి.

మీ రోగి త్వరగా కోలుకోవాలని, ఈ వేసవి మీ ఇంటిలో క్షేమంగా గడవాలని ప్రార్థిస్తున్నాము. సందేహాలుంటే మందుల చీటీతో పాటు ఈ పుస్తకం కూడా తెచ్చుకుని వార్డులో సిస్టరును అడగండి.